పౌండుకు ఎన్ని మార్కులు? 1948 నుంచి 1998 దాకా మారకపు రేట్లపై చర్చ

శాసనం:

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి ఐరోపా గురించి ఒక వ్యాసం సిద్ధం చేస్తూ, బ్రిటిష్ పౌండుకు పశ్చిమ జర్మనీ మార్కుతో ఉండిన మారకపు రేటును సంవత్సరాలవారీగా పట్టికలో వేసుకున్నాను. 1948 జూన్‌లో కొత్త మార్కు చలామణిలోకి వచ్చినప్పుడు పౌండుకు 13.43 మార్కులు ఉండగా, మార్కు యూరోలో కలిసిపోయే ముందు, అంటే 1998 చివరన, అది 2.80కి కొంచెం దిగువన నిలిచింది. గీత గీసి చూస్తే 1972 దాకా మెట్లు మెట్లుగా దిగి, ఆ తరువాత ఎక్కడా నిలకడ లేకుండా ఎగుడుదిగుడుగా సాగింది.

నాకు రెండు సందేహాలున్నాయి. 1949 నుంచి 1961 దాకా పట్టికలో 11.76 అన్న ఒకే అంకె పన్నెండేళ్ల పాటు కదలకుండా కూర్చుంది. అది బ్యాంకుల్లో నిజంగా నడిచిన రేటేనా, లేక కాగితం మీది రేటా? రెండోది, 1990లో బ్రిటన్ తన పౌండును 2.95 మార్కులకు కట్టుకుని రెండేళ్లయినా నిండకుండానే ఎందుకు తెంచుకోవలసి వచ్చింది? ఎంచుకున్న అంకెలోనే లోపం ఉందా, లేక లోపం వేరే చోట ఉందా?

లెక్కలపంతులు:

శాసనం గారూ, మొదటి ప్రశ్నకు సమాధానం ఆ అంకెను ఎలా రాబట్టారన్న దానిలోనే ఉంది. కరెన్సీల రేట్లను స్థిరంగా ఉంచిన బ్రెటన్‌వుడ్స్ ఏర్పాటు నడిచిన కాలంలో పౌండుకూ మార్కుకూ మధ్య నేరుగా ప్రకటించిన అధికారిక రేటంటూ ఏదీ లేదు. ప్రతి దేశమూ తన కరెన్సీ విలువను బంగారంలోనో అమెరికన్ డాలర్లలోనో ప్రకటించేది. మీ పట్టికలోని అంకె ఆ రెండు ప్రకటనలనూ గుణిస్తే వచ్చినది.

1948లో పౌండు 4.03 డాలర్లు, మార్కు 30 సెంట్లు, అంటే డాలరుకు 3.33 మార్కులు, గుణిస్తే 13.43. 1949 సెప్టెంబర్ 18న బ్రిటిష్ ఆర్థిక మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ పౌండును 4.03 నుంచి 2.80 డాలర్లకు, అంటే 30 శాతానికి పైగా తగ్గించారు. పది రోజులు గడిచేసరికి జర్మన్లు కూడా మార్కును డాలరుకు 4.20కి దించారు గానీ అది 20 శాతం తగ్గింపు మాత్రమే. రెండూ తగ్గినా పౌండు మరింత తగ్గింది కాబట్టి 2.80ని 4.20తో గుణిస్తే 11.76 అయింది. 1961 మార్చిలో జర్మనీ తన మార్కు విలువను 5 శాతం పెంచి డాలరుకు 4.00 చేసినప్పుడు 11.20, 1967 నవంబర్ 18న హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం పౌండును 2.40 డాలర్లకు దించినప్పుడు 9.60, 1969 అక్టోబర్‌లో జర్మనీ మళ్లీ మార్కును 3.66కు పెంచినప్పుడు 8.78.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 1949 తరువాత ఇరవై ఏళ్లలో మెట్లు మూడే. వాటిలో రెండు పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో తీసుకున్న నిర్ణయాలు, ఒక్కటే లండన్‌ది. అందువల్ల ఆ కాలానికి "పౌండు పతనం" అని శీర్షిక పెట్టే ముందు మీరు కొంచెం ఆలోచించాలని నా మనవి.

రైనుతీరం:

పంతులు గారి లెక్కకు రెండు చేర్పులు చేస్తాను. మొదటిది, 1958 డిసెంబర్ చివరి వారం దాకా పశ్చిమ ఐరోపా కరెన్సీలను విదేశీయులు స్వేచ్ఛగా మార్చుకునే వీలే లేదు. అంతకు ముందు ప్రతి లావాదేవీకీ కేంద్ర బ్యాంకు అనుమతో, ప్రత్యేక ఖాతానో అవసరమయ్యేది. కాబట్టి 1949 నుంచి 1958 దాకా ఉన్న 11.76 నిజమైన రేటే అయినా, దాని వద్ద కోరినంత కొనగలిగే స్వేచ్ఛ మాత్రం ఎవరికీ లేదు.

రెండోది, ఆ తరువాత కూడా మార్కెట్ రేటు సరిగ్గా ఆ అంకె మీదే నిలిచి ఉండేది కాదు. బ్రిటన్ తన పౌండును 2.78, 2.82 డాలర్ల మధ్య, జర్మనీ 1961 తరువాత తన మార్కును డాలరుకు 3.97, 4.03 మధ్య ఉండనిచ్చేవి. పౌండు తన అడుగు అంచునా మార్కు తన బలమైన అంచునా (3.97) ఉన్న రోజున పౌండుకు దాదాపు 11.04 మార్కులే వచ్చేవి. దీనికి పూర్తిగా విరుద్ధమైన రోజున 11.36 వచ్చేవి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్ద మొత్తాలు మార్చుకునే వ్యాపారికి ఈ తేడా చిన్నదేమీ కాదు. మీ వ్యాసంలో అధికారిక సమాన విలువకు (ప్రభుత్వాలు ప్రకటించిన రేటుకు) ఒక గడి, మార్కెట్ సగటుకు వేరొక గడి పెట్టుకోవడం మంచిది. చాలా పట్టికలు రెండింటినీ కలిపేసి, ఒక సంవత్సరానికి దీన్ని, మరో సంవత్సరానికి దాన్ని చూపుతాయి.

కల్దారు:

1948తో మొదలుపెట్టడం వల్ల 13.43 పెద్ద అంకెలా కనిపిస్తోంది గానీ, 1914కు ముందు పౌండుకు 20.43 మార్కులు. దాన్ని ఏ మంత్రీ ఎంచుకోలేదు, తూకమే నిర్ణయించింది. ఒక పౌండు బంగారు నాణెమైన సవరనులో 7.322 గ్రాముల మేలిమి బంగారం ఉండేది. జర్మన్ చట్టం కిలో మేలిమి బంగారాన్ని 2790 మార్కుల నాణేలుగా కొట్టమనేది. 7.322ను 2.79తో గుణిస్తే 20.43 వస్తుంది. ఫ్రెంచ్ ఫ్రాంకుకు అదే కిలోకు 3444 ఫ్రాంకుల లెక్క కాబట్టి పౌండుకు 25.22. రేటు ఈ అంకెకు మరీ దూరం పోతే, నౌక ఛార్జీలూ బీమా ఖర్చూ భరించి బంగారాన్నే ఓడలో పంపడం లాభమయ్యేది. ఆ భయమే రేటును దాని హద్దుల్లో ఉంచింది.

1923లో ధరలు అదుపు తప్పి ఆ పాత మార్కు ఏమైపోయిందో అందరికీ తెలిసినదే. ఆ నవంబర్‌లో డాలరుకు 4.2 లక్షల కోట్ల కాగితపు మార్కుల దగ్గర దాన్ని ఆపారు. ఆ అంకె కూడా యాదృచ్ఛికం కాదు. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక కొత్త రెంటెన్‌మార్కు అనుకుంటే డాలరుకు 4.20 అవుతుంది, యుద్ధానికి ముందరి రేటు అచ్చంగా అదే. పేరు నిలబెట్టుకోవాలన్న తాపత్రయం ప్రభుత్వాలకు ఎంత ఉంటుందో చూడండి. బ్రిటన్ కూడా 1925లో యుద్ధానికి ముందరి 4.86 డాలర్లకే పట్టుబట్టి వెళ్లి, 1931 సెప్టెంబర్‌లో ఆ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది.

ఏలూరు కాలువ:

ఈ అంకెలతో మనవాళ్లకూ సంబంధం ఉందన్న సంగతి ఒకటి చెప్పాలి. ఒడిశాలోని రూర్కెలా ఉక్కు కర్మాగారాన్ని పశ్చిమ జర్మన్ సంస్థల సహకారంతోనూ, బెంగాల్‌లోని దుర్గాపూర్ కర్మాగారాన్ని బ్రిటిష్ సంస్థల సహకారంతోనూ కట్టారు. మా పెదనాన్నగారు రూర్కెలా తరఫున శిక్షణకు జర్మనీ వెళ్లారు. ఆయన రాసుకున్న ఖర్చుల పుస్తకంలో ఎడమ వైపు మార్కులు, కుడి వైపు రూపాయలు, రూపాయల గడి పైన "1.13" అని ఎర్ర సిరాతో ఉంటుంది, ఆ తరువాతి పేజీల్లో దాన్ని కొట్టేసి "1.19" అని రాశారు.

ఈ చర్చ చదివాక ఆ దిద్దుబాటు దేనివల్లనో తేలిపోయింది. అప్పట్లో రూపాయి పౌండుకు కట్టుబడి ఉండేది: ఒక రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే పౌండుకు 13.33 రూపాయలు. దాన్ని 11.76తో భాగిస్తే మార్కుకు 1.13 రూపాయలు, 11.20తో భాగిస్తే 1.19. బాన్‌లో తీసుకున్న నిర్ణయం వల్ల ఒక తెలుగు ఇంజినీరుకు కాఫీ ఖర్చు 5 శాతం పెరిగిందన్నమాట. 1949లో పౌండుతో పాటు రూపాయి కూడా తగ్గింది గానీ, 1967లో మాత్రం మనవాళ్లు పౌండు వెంట పోలేదు. అంతకు ఏడాదిన్నర ముందే రూపాయి విలువను తగ్గించి ఉన్నారు కనుక పౌండు 21 రూపాయల నుంచి 18కి దిగింది.

శాసనం:

మీ అందరి వివరణలతో మెట్ల భాగం స్పష్టమయింది. 1972 తరువాతి గందరగోళాన్ని కూడా కొంచెం విడమరిచి చెప్పగలరా? ముఖ్యంగా 1976లో 4 మార్కుల కంటే దిగువకు పోయిన పౌండు, 1981 ఆరంభంలో 5 దగ్గరకు ఎలా ఎక్కిందో అర్థం కావడం లేదు.

లెక్కలపంతులు:

1971 ఆగస్టు 15న నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న లంకెను తెంచాక, ఆ డిసెంబర్‌లో వాషింగ్టన్‌లో కుదిరిన ఒప్పందం పౌండును 2.6057 డాలర్లకూ డాలరును 3.2225 మార్కులకూ పెట్టింది, అంటే 8.40. ఆ ఏర్పాటు పౌండు విషయంలో ఆరు నెలలే నడిచింది. ఐరోపా దేశాలు తమలో తాము రేట్లను దగ్గరగా ఉంచుకోవడానికి పెట్టుకున్న "పాము" అనే ఏర్పాటులో బ్రిటన్ 1972 మే 1న చేరి జూన్ 23న బయటపడింది. ఆ రోజు నుంచి పౌండు మార్కెట్‌కు వదిలేసిన కరెన్సీ.

తరువాత జరిగింది ప్రధానంగా ద్రవ్యోల్బణం కథ. 1975లో బ్రిటన్‌లో ధరలు దాదాపు 24 శాతం పెరిగితే జర్మనీలో 6 శాతం పెరిగాయి. ఒక దేశంలో ధరలు అంత వేగంగా పెరుగుతుంటే దాని కరెన్సీ పాత రేటు దగ్గర నిలవదు. 1976 సెప్టెంబర్‌లో ఆర్థిక మంత్రి డెనిస్ హీలీ అంతర్జాతీయ ద్రవ్యనిధిని 390 కోట్ల డాలర్ల అప్పు అడిగారు. మరుసటి నెలలో పౌండు 4 మార్కులకు దిగువన నడిచింది.

1981 నాటికి రెండు మార్పులు వచ్చాయి. ఉత్తర సముద్రపు చమురు బ్రిటన్‌ను ఎగుమతిదారుగా నిలబెట్టింది, థాచర్ ప్రభుత్వం వడ్డీ రేటును 1979 నవంబర్‌లో 17 శాతానికి తీసుకుపోయింది. పెట్టుబడి వడ్డీ ఎక్కువ ఉన్న చోటికి పోతుంది కాబట్టి పౌండు ఎక్కింది, ఆ ఎక్కిన రేటుకు ఎన్నో బ్రిటిష్ కర్మాగారాలు మూతపడ్డాయి. చూశారా, అప్పటికింకా ధరల తేడా పౌండుకు వ్యతిరేకంగానే ఉన్నా వడ్డీ తేడా గెలిచింది. ఏ సంవత్సరంలో ఈ రెండిట్లో ఏది బలంగా పనిచేసిందో చూడకుండా పట్టికను చదివితే తప్పుదారి పడతాము.

రైనుతీరం:

ఇక 1990 విషయం. అంతకు ముందే ఒక తెర వెనుక ప్రయోగం జరిగింది. 1987 మార్చి నుంచి ఏడాది పాటు అప్పటి ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ అధికారికంగా ఏమీ ప్రకటించకుండానే పౌండును 3 మార్కులు దాటనివ్వకుండా పట్టి ఉంచారు. 1988 మార్చిలో ఆ పట్టు వదిలారు, మార్కెట్‌కు ఎదురు నిలవడం కుదరదని థాచర్ ఆ నెలలోనే పార్లమెంటులో అన్నారు. తుదకు 1990 అక్టోబర్ 8న, జాన్ మేజర్ ఆర్థిక మంత్రిగా ఉండగా, బ్రిటన్, సభ్యదేశాల కరెన్సీలను నిర్ణీత హద్దుల్లో ఉంచే ఐరోపా మారకపు రేట్ల యంత్రాంగంలో 2.95 మధ్య రేటుతో, 6 శాతం హద్దులతో చేరింది. అడుగు అంచు 2.778, పై అంచు 3.132.

ఏలూరు కాలువ:

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: 2.95 మొదటి రోజునే ఎక్కువ. చేరిన నెలలో బ్రిటన్ ద్రవ్యోల్బణం దాదాపు 11 శాతం, జర్మనీది 3 శాతం దరిదాపుల్లో. విదేశాలతో లావాదేవీల లెక్కలో (కరెంటు ఖాతాలో) బ్రిటన్‌కు లోటు ఉంది. పంతులు గారు చెప్పిన ధరల సూత్రం ప్రకారం అలాంటి దేశం కొంత తక్కువ రేటు దగ్గర చేరి ఊపిరి తీసుకునే చోటు ఉంచుకోవాలి. ఆ పని చేయకుండా, ఆ వారం మార్కెట్‌లో ఏది నడుస్తోందో దాన్నే పట్టుకుని కూర్చున్నారు. కల్దారు గారు చెప్పిన 1925 నాటి 4.86 జబ్బే ఇది కూడా.

రైనుతీరం:

గౌరవపూర్వకంగా విభేదిస్తున్నాను, కాలువ గారూ. 1992 వేసవికి బ్రిటన్ ద్రవ్యోల్బణం 4 శాతం లోపుకు దిగి జర్మనీతో సమానమైపోయింది. ధరల తేడాయే అసలు కారణమైతే, అది మూసుకుపోయిన సమయానికే పౌండు కూలడం ఎందుకు?

నా దృష్టిలో అసలు కారణం 1990 జులై 1న జరిగింది. ఆ రోజు తూర్పు జర్మనీ జీతాలనూ పింఛన్లనూ ఒకటికి ఒకటి చొప్పున పశ్చిమ మార్కుల్లోకి మార్చారు, పునర్నిర్మాణానికి ప్రభుత్వం విపరీతంగా అప్పు చేసింది. ధరలు పెరుగుతాయన్న భయంతో జర్మనీ కేంద్ర బ్యాంకైన బుండెస్‌బ్యాంకు తన డిస్కౌంట్ రేటును (బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని) 1992 జులై నాటికి 8.75 శాతానికి పెంచింది. యంత్రాంగంలో ఉన్న ప్రతి దేశమూ దాదాపు ఆ స్థాయి వడ్డీనే భరించాలి. జర్మనీలో పునరేకీకరణ సంబరం, బ్రిటన్‌లో మాంద్యం. ఇళ్ల అప్పులు ఎక్కువగా మారే వడ్డీ మీదే ఉన్న దేశంలో 10 శాతం వడ్డీని ఓటర్లు ఎంతకాలం సహిస్తారు? స్పెక్యులేటర్లు లెక్కగట్టినది 2.95 తప్పా ఒప్పా అని కాదు, లండన్ ఆ నొప్పిని ఎన్నాళ్లు ఓర్చుకుంటుందని.

ఇంకో ఆధారం కూడా ఉంది. ఎవరూ కట్టేయకుండానే, కేవలం మార్కెట్ వల్లే, 1997 వేసవిలో పౌండు 3 మార్కులు దాటింది. అప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ 7 శాతం, బుండెస్‌బ్యాంకు వడ్డీ 3 శాతం చుట్టూ ఉండేది. పరిస్థితి పూర్తిగా తిరగబడింది. 1992లో మోయలేని రేటును అయిదేళ్లకే పౌండు అవలీలగా మోసిందంటే, లోపం అంకెలో ఉందని ఎలా అంటాం?

కల్దారు:

ఇద్దరి వాదనలకూ నడుమ ఒక సంస్థాగత విషయం ఉంది. యంత్రాంగం నియమాల ప్రకారం ఒక కరెన్సీ అంచును తాకితే రెండు కేంద్ర బ్యాంకులూ అపరిమితంగా జోక్యం చేసుకోవాలి. అంటే బుండెస్‌బ్యాంకు మార్కులు సృష్టించి పౌండ్లు కొంటూ పోవాలి. అయితే ఆ బాధ్యత తన ద్రవ్య విధానాన్నే దెబ్బతీసే పరిస్థితి వస్తే దాని నుంచి తనను తప్పించాలని బుండెస్‌బ్యాంకు అప్పటి అధ్యక్షుడు ఒట్మార్ ఎమ్మింగర్ 1978లోనే జర్మన్ ప్రభుత్వానికి లేఖ రాసి భరోసా పొందారు. హామీకి హద్దు ఉందన్నమాట.

1992 సెప్టెంబర్ 13న ఇటలీ లీరా విలువ తగ్గించారు. 15వ తేదీ రాత్రి, ఇంకొన్ని కరెన్సీల మీద కూడా ఒత్తిడి రావచ్చన్న అర్థంలో బుండెస్‌బ్యాంకు అధ్యక్షుడు హెల్ముట్ ష్లెసింగర్ ఒక జర్మన్ పత్రికతో అన్న మాటలు బయటికి పొక్కాయి. మరుసటి రోజు బుధవారం పొద్దున్నుంచే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2.778 దగ్గర పౌండ్లు కొంటూనే ఉంది. 11 గంటలకు వడ్డీని 10 నుంచి 12కు పెంచుతున్నట్టు, మధ్యాహ్నం రెండుంబావుకు మరునాటి నుంచి 15 చేస్తున్నట్టు ప్రకటించారు. పౌండు కదలలేదు. రాత్రి ఏడున్నర దాటాక ఆర్థిక మంత్రి నార్మన్ లామాంట్ కెమెరాల ముందుకు వచ్చి సభ్యత్వాన్ని నిలిపివేస్తున్నామన్నారు. ఆ 15 శాతం అమల్లోకి రాకుండానే పోయింది. సెప్టెంబర్ చివరికి పౌండు దాదాపు 2.50. పౌండు పడుతుందని పందెం కాసిన జార్జ్ సోరోస్ పెట్టుబడి నిధికి సుమారు 100 కోట్ల డాలర్లు దక్కగా, బ్రిటిష్ ఖజానాకు 330 కోట్ల పౌండ్ల నష్టం వచ్చిందని ఆర్థిక శాఖే వేసుకున్న అంచనా 2005లో బయటపడింది.

శాసనం:

చిన్న సందేహం. 2.95లో 6 శాతం తీసేస్తే 2.773 రావాలి, కలిపితే 3.127 రావాలి. రైనుతీరం గారు ఇచ్చిన 2.778, 3.132 వేరుగా ఉన్నాయే?

లెక్కలపంతులు:

మంచి ప్రశ్న. రెండు దేశాలకూ ఒకే హద్దులు ఉండాలన్న నియమం వల్ల ఆ తేడా వచ్చింది. పౌండు 2.95 నుంచి 6 శాతం పడితే లండన్‌కు 2.773 అంచు అవుతుంది. అదే హద్దును మార్కు వైపు నుంచి చూస్తే మార్కు 6 శాతం కన్నా ఎక్కువగా, 6.38 శాతం పెరిగినట్టు లెక్క. అలా ఒకరికి ఆరు, మరొకరికి ఆరుంపావు దాటడం కుదరదు. అందుకని మధ్య రేటును ఒకే గుణకంతో, అంటే 1.0618 చొప్పున, ఒక వైపు గుణించి మరో వైపు భాగించారు. గుణిస్తే 3.132, భాగిస్తే 2.778. ఎటు నుంచి చూసినా పై హద్దు 6.18 శాతం, కింది హద్దు 5.82 శాతం.

ఏలూరు కాలువ:

రైనుతీరం గారి 1997 ఉదాహరణ బలమైనదే గాని, దాని నడుమనున్న కాలాన్ని దాటేయకూడదు. 1995 చివరి నెలల్లో పౌండు 2.20 మార్కుల చుట్టుపక్కలకు దిగింది. ఆ అయిదేళ్లలో తక్కువ రేటూ తక్కువ వడ్డీ కలిసి బ్రిటిష్ పరిశ్రమకు ఊపిరి పోశాయి కాబట్టే 1997లో 3 మార్కులను మోయగలిగింది. 1990లో నేను కోరుకున్నది అదే. వడ్డీల విషయంలో మీతో ఏకీభవిస్తాను, అయితే 2.95కు బదులు మరికాస్త తక్కువలో చేరి ఉంటే, అదే వడ్డీ భారాన్ని లండన్ కొంతైనా ఎక్కువ కాలం మోసేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

రైనుతీరం:

కొంత కాలం మోసేదేమో. ఫ్రాన్స్ ద్రవ్యోల్బణం జర్మనీ కన్నా తక్కువగా ఉండి, ఫ్రాంకు రేటు ఎక్కువని పెద్దగా ఎవరూ అనకపోయినా, 1993 ఆగస్టులో ఆ దాడి దాని మీదా జరిగి హద్దులను 15 శాతానికి పెంచాల్సి వచ్చిందని మాత్రం గుర్తుచేస్తాను.

శాసనం గారూ, పట్టికను 1998 దగ్గర ఆపకుండా ఇంకా పొడిగించాలనుకుంటే ఒక జాగ్రత్త అవసరం. 1999 జనవరి 1 నుంచి యూరోకు 1.95583 మార్కులు అని శాశ్వతంగా నిర్ణయించారు. మొదటి పని దినమైన జనవరి 4న ఐరోపా కేంద్ర బ్యాంకు ఇచ్చిన రేటు యూరోకు 0.7111 పౌండ్లు, కాబట్టి పౌండుకు 2.75 మార్కులు. ఇలా లెక్కించేటప్పుడు 1.95583ను 1.96గా కుదించకండి, దాన్ని తిరగేసి మార్కుకు 0.5113 యూరోలు అని ఒక కొత్త గుణకాన్ని తయారుచేసుకుని దానితో గుణించకండి. రెండూ ఐరోపా నిబంధనలు నిషేధించినవే. పెద్ద మొత్తాల దగ్గర పైసల్లో మొదలైన తేడా వందల్లోకి పోతుంది. పౌండుకూ పాత మార్కుకూ మధ్య మార్చాలంటే ముందు యూరోల్లోకి మార్చి, కనీసం మూడు దశాంశ స్థానాలు ఉంచుకుని, ఆ తరువాతే మార్కుల్లోకి రావాలి. ఎవరి ఇంట్లోనైనా పాత మార్కు నోట్లు మిగిలి ఉంటే బుండెస్‌బ్యాంకు ఇప్పటికీ గడువంటూ లేకుండా ఇదే రేటుకు మార్చి ఇస్తుంది.